బోరింగ్ చేయించిన పడవ మోటారును మొదటి పది గంటలు నడిపే పద్ధతి

సిలిండరు లోపలి గోడను కోసి కాస్త పెద్దది చేసి (దీన్నే బోరింగ్ అంటారు), కొత్త పిస్టన్లు, రింగులు వేసి కట్టిన ఔట్‌బోర్డ్ మోటారు, అంటే పడవ వెనుక బయట బిగించే మోటారు, రేవుకు చేరగానే దాని యజమానికి అడగకుండానే రెండు సలహాలు అందుతాయి. ‘కొన్నాళ్లు మెల్లగనే పోనియ్యన్నా, గట్టిగ తిప్పకు’ అనేది మొదటిది. ‘ఆయిల్ దండిగ పోసి నడుపు, ఏం గాదు’ అనేది రెండోది. సాగర్ వెనుక జలాల మీద బతికే వైజాగ్ కాలనీ మొదలుకొని సోమశిల రేవు వరకు, జూరాలలో పుట్టిని (గుండ్రని బుట్ట పడవను) వదిలి మరపడవ పట్టినవారి వరకు ఇవే మాటలు నడుస్తున్నాయి. రెండింటిలోనూ కొంత నిజం ఉంది గాని, ఆ రెండింటినే నమ్ముకుంటే మోటారు సరిగా కుదురుకోదు. రింగులు సిలిండరు గోడకు ఒరుసుకొని కూర్చోవాలంటే వాటి వెనుక నుంచి మంట ఒత్తిడి తోయాలి; ఆ ఒత్తిడి పుట్టాలంటే మోటారు బరువు లాగాలి; లాగినప్పుడు పుట్టిన వేడి దిగడానికి వెంటనే కొంత ఊపిరి ఇవ్వాలి. లాగించడం, విడవడం అనే ఈ క్రమాన్ని మొదటి పది గంటల్లో ఎలా పాటించాలో కింద వివరించాను. చేపల పడవలకూ, చిన్న సవారీ బోట్లకూ మన దగ్గర ఎక్కువగా వాడే కార్బొరేటర్ రకం రెండు స్ట్రోకుల మోటారునే ప్రధానంగా దృష్టిలో పెట్టుకున్నాను. మీ మోడల్ మాన్యువల్ చేతిలో ఉండి, అందులోని అంకె ఇక్కడి అంకెకు భిన్నంగా ఉంటే మాన్యువల్ అంకెనే పాటించండి.

పిస్టన్ ఇరుక్కొని పాత మోటారు ఎందుకు పట్టేసింది?

ఈ ప్రశ్నకు జవాబు దొరకకుండా కొత్త పిస్టన్ వేయడం డబ్బు నీళ్లలో పోయడమే. పాత పిస్టన్‌ను పారేయకుండా ఇంటికి తెచ్చుకొని వెలుతురులో తిప్పి చూడండి. చుట్టూ నాలుగు వైపులా గీతలు పడి ఉంటే మోటారుకు నీళ్లు అందక వేడెక్కి ఉండవచ్చు. పొగ బయటికి పోయే వైపు మాత్రమే అల్యూమినియం కరిగి గోడకు పూసుకున్నట్లు ఉంటే పెట్రోలు తక్కువై, గాలి ఎక్కువైన మిశ్రమం మీద అనుమానం పోవాలి. అలాంటప్పుడు కార్బొరేటర్ జెట్లు, పెట్రోలు పంపు పొర, గొట్టాల కీళ్లు, క్రాంకు సీళ్లు అన్నీ చూడాలి. రెండు మూడు సిలిండర్ల మోటారులో ఒక్కటే కాలిపోతే ఆ సిలిండరుకు పెట్రోలు ఇచ్చే కార్బొరేటర్‌ను ముందుగా విప్పాలి. పిస్టన్ నెత్తికి రంధ్రం పడి ఉంటే స్పార్కు టైమింగును, ప్లగ్గు రకాన్ని కూడా పరీక్షించాలి.

లేత్ షాపులో అడగాల్సిన రెండు విషయాలు

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో బోరింగ్ కొట్టే షాపులకు కొదవ లేదు. అయితే వారి చేతికి రోజూ వచ్చేవి ట్రాక్టర్లు, నాలుగు స్ట్రోకుల బండ్లు. వాటి సిలిండరు గోడ నున్నగా ఉంటుంది. రెండు స్ట్రోకుల సిలిండరు గోడకు మాత్రం పెట్రోలు వచ్చే, పొగ పోయే కిటికీలు ఉంటాయి. బోరింగ్ కొట్టిన తరువాత ఆ కిటికీల అంచులు బ్లేడులా పదునెక్కుతాయి. వాటిని సన్నని ఆకురాయితోనో రాయితోనో కొద్దిగా ఏటవాలుగా మొద్దు చేయకపోతే రింగు ఆ అంచుకు తగిలి విరుగుతుంది, లేదా మొదటి గంటలోనే పెచ్చులు లేస్తుంది. రెండు స్ట్రోకుల పాత ఆర్‌ఎక్స్ 100 బండ్లకు బోరింగ్ కొట్టిన మేస్త్రీకి ఈ సంగతి చెప్పనక్కరలేదు. కుర్ర మెకానిక్‌కు మాత్రం చెప్పి, చేయించుకొని, వేలితో తడిమి చూసుకోవడం మంచిది.

రెండో విషయం కడగడం. హోనింగ్ చేసినప్పుడు, అంటే బోరింగ్ తరువాత గోడను రాయితో రుద్దినప్పుడు, గోడ మీద అడ్డంగా, ఐమూలగా పడే సన్నని గీతల్లో రాయి పొడి ఇరుక్కుంటుంది. పెట్రోలుతోనో డీజిల్‌తోనో కడిగితే నూనె పోతుంది గాని ఆ పొడి పోదు. వేడి నీళ్లు, సబ్బు, గట్టి బ్రష్షు పట్టి రుద్ది కడిగి, ఆరబెట్టి, వెంటనే ఆయిల్ పూయాలి. తరువాత తెల్లని గుడ్డతో ఒకసారి గట్టిగా తుడవండి. గుడ్డ మీద బూడిద రంగు కనిపిస్తే ఇంకా కడగాలి. తెల్లగానే వచ్చిన రోజు బిగించుకోవచ్చు. ఆ పొడి లోపల ఉండిపోయిన మోటారును మీరు ఎంత జాగ్రత్తగా నడిపినా, కొత్త రింగులు అరిగిపోవడమే తప్ప కుదురుకోవడం ఉండదు.

నీటి దారి

బోరింగ్ చేయించినప్పుడు ఇంపెల్లర్ (మోటారుకు నీళ్లు తోడే పంపులోని రబ్బరు చక్రం) పాతది బాగానే ఉందని వదిలేయవద్దు. రబ్బరు రెక్కలు షాఫ్టు తిరిగే దిశకు తగినట్టు వంగేలా కొత్తది వేయించండి. వానాకాలంలో కృష్ణ తెచ్చే ఒండ్రు సిలిండరు చుట్టూ ఉండే సన్నని నీటి దారుల్లో పేరుకుపోతుంది కాబట్టి, హెడ్ విప్పి ఉన్నప్పుడే తీగతో కెలికి, నీటి ధారతో కడిగేయడం సులువు.

మోటారు వేడెక్కేదాకా నీటి దారిని మూసి ఉంచే థర్మోస్టాట్ విషయంలో ఒక దురలవాటు ఉంది. ఎండలు మండే నల్లగొండ ప్రాంతంలో అది ఎందుకని తీసి పక్కన పడేస్తారు. అప్పుడు మోటారు ఎప్పుడూ పూర్తిగా వేడెక్కదు, పిస్టన్ తన కొలతకు వ్యాకోచించదు, రింగులు కూర్చోవడం ఆలస్యమవుతుంది, పెట్రోలు సరిగా కాలక మసి పేరుకుంటుంది. థర్మోస్టాట్‌ను దారం కట్టి గిన్నెలోని నీళ్లలో వేలాడదీసి, నీళ్లను వేడి చేయండి. మాన్యువల్ చెప్పిన వేడి దగ్గర, సాధారణంగా 50 నుంచి 60 డిగ్రీల మధ్య, అది తెరుచుకుంటే బిగించండి. తెరుచుకోకపోతే కొత్తది కొనండి.

పెట్రోలు, ఆయిల్

మామూలుగా 50:1 నిష్పత్తిలో నడిచే మోటారుకు ఈ పది గంటలూ 25:1 వాడాలి. అంటే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్లు. 24 లీటర్ల ట్యాంకుకు 960 మిల్లీలీటర్లు. ఆయిల్ ట్యాంకు విడిగా ఉండి మోటారే ఆయిల్ కలుపుకొనే రకమైతే, దాన్ని అలాగే పనిచేయనిచ్చి, పెట్రోలు ట్యాంకులో అదనంగా 50:1 కలపాలి. ఇంతకు మించి దండిగా పోయడం వల్ల మేలు లేదు. ట్యాంకులో ఆయిల్ పెరిగితే అదే కొలతలో పెట్రోలు తగ్గుతుంది, కార్బొరేటర్ జెట్టు మాత్రం మారదు; కాబట్టి మంటకు చేరే మిశ్రమం పలచబడుతుంది, ప్లగ్గులు మసిబారతాయి.

ఆయిల్ డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని, అంటే నీటితో చల్లబడే రెండు స్ట్రోకుల మోటారుకు తగినదనే గుర్తు, ఉండాలి. బంకులో బండికి పోసే టూటీ ఆయిల్ గాలితో చల్లబడే, బాగా వేడెక్కే ఇంజన్‌కు తయారైనది. నీటితో చల్లబడే పడవ మోటారులో దాని బూడిద పిస్టన్ నెత్తి మీద, ప్లగ్గు మొన మీద గడ్డకడుతుంది.

ఇప్పుడు మన బంకుల్లో దొరికే మామూలు పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. చాలా ఔట్‌బోర్డ్ మాన్యువల్‌లు అనుమతించేది 10 శాతమే. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉండటం వల్ల మిశ్రమం మరికాస్త పలచబడుతుంది, పాత రబ్బరు గొట్టాలు మెత్తబడతాయి, నీటి మీద ఉండే ట్యాంకులో తేమ చేరి అడుగున వేరుపడుతుంది. వీటికి విరుగుడుగా గొట్టాలు, చేతిపంపు బల్బు కొత్తవి వేయించండి. కార్బొరేటర్ స్క్రూను పొదుపు కోసం బిగించవద్దు. ఆ రోజుకు కావలసినంతే కలుపుకోండి. కలిపేటప్పుడు సగం పెట్రోలు పోసి, కొలత సీసాతో ఆయిల్ పోసి, బాగా ఊపి, మిగతా పెట్రోలు పోయాలి. ఆయిల్ ముందు పోస్తే అడుగున అంటుకొని మొదటి అరగంటలోనే చిక్కటి మిశ్రమంగా పోతుంది, తరువాతి పెట్రోలుకు ఏమీ మిగలదు.

డ్రమ్ములో తొలి పది నిమిషాలు

ప్లగ్గులు విప్పి, ప్లగ్గు తీగల మొనలను ఇంజన్ లోహానికి ఆనించి, సిలిండర్లలో కొద్దిగా ఆయిల్ వేసి తాడును పది పదిహేను సార్లు మెల్లగా లాగండి. ఎక్కడైనా గరుకుగా ఆగుతున్నట్లు చేతికి తెలిస్తే స్టార్టు చేయకుండా విప్పించాలి.

మోటారును చెక్క స్టాండుకు బిగించి, ప్రొపెల్లర్ తీసేసి, మోటారు కాలును (నీటిలో మునిగే కింది భాగాన్ని) నీళ్ల డ్రమ్ములోకి దించండి. ప్రొపెల్లర్ పైన అడ్డంగా ఉండే పళ్లెం లాంటి రెక్క పూర్తిగా మునిగి, దాని మీద ఇంకా బెత్తెడు నీళ్లు నిలవాలి. నీళ్లు లేకుండా ‘ఒక్క నిమిషమే కదా’ అని స్టార్టు చేస్తే కొత్త ఇంపెల్లర్ కొన్ని సెకన్లలోనే కాలుతుంది. ఇంజన్ అందుకోగానే చూపు పడాల్సింది వెనుక పక్కనున్న చిన్న రంధ్రం మీద. అక్కడి నుంచి నీటి ధార విరగకుండా, పెన్సిలంత లావున దూకాలి. దానికి వేలు అడ్డం పెట్టి చూడండి: మొదట చల్లగా తగిలి, కొన్ని నిమిషాలకు గోరువెచ్చగా మారుతుంది. చుక్కలుగా పడినా, ఆవిరి చిమ్మినా, చెయ్యి కాలినా వెంటనే ఆపాలి.

గేరు వేయకుండా, ఐడిల్ కన్నా కాస్త ఎక్కువ వేగంలో పది నిమిషాలు నడిపితే చాలు. బిగింపు వాడిన ఆయిల్, గ్రీజు వల్ల పొగ దట్టంగా వస్తుంది, అది మామూలే. డ్రమ్ములో నీళ్లు త్వరగా వేడెక్కి, పొగ బుడగలతో నురగలా మారతాయి కాబట్టి అంతకు మించి నడపవద్దు. ఆపిన తరువాత పెట్రోలు, నీరు ఎక్కడైనా కారుతున్నాయేమో చూసి, మోటారు పూర్తిగా చల్లారాక, మాన్యువల్ చెప్పి ఉంటే హెడ్ బోల్టులను దాని వరుసలో, టార్క్ రెంచీతో (బిగింపును కొలిచే పానాతో) మళ్లీ సరిచూడండి.

ఎక్కడ, ఎప్పుడు దించాలి

మన ప్రాంతంలో ఈ పనికి తగిన కాలం నవంబరు నుంచి జనవరి చివరి వరకు అని నా అభిప్రాయం. వరద ఆగస్టు, సెప్టెంబరుల్లో తెచ్చిన బురద అప్పటికి కిందికి దిగి ఉంటుంది, జలాశయాల్లో లోతు ఉంటుంది, ఉదయం పూట గాలి తక్కువ. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, శ్రీశైలానిది 885 అడుగులు; వేసవికి నీళ్లు దిగిపోతున్న కొద్దీ మొద్దులు, రాళ్లు, మునిగిన గోడలు నీటి అంచుకు వస్తాయి. సోమశిల వైపు వారికి ఒక గుర్తు ఉంది. ఎదురు ఒడ్డున సంగమేశ్వరాలయం నీటి నుంచి బయటపడి నిలిచిందంటే, సగం వేగానికి మించి నడపాల్సిన పరీక్షకు ఆ నీళ్లు చాలవు. జూరాల దగ్గర రాతి పడక ఎక్కువ. మూసీ ప్రాజెక్టులో గుర్రపుడెక్క మోటారు నీళ్లు పీల్చుకొనే ద్వారాన్ని మూసేస్తుంది కాబట్టి అక్కడ మొదటి గంటలు నడపకపోవడమే మంచిది. హైదరాబాద్‌కు తాగునీరు ఇచ్చే అక్కంపల్లి వంటి జలాశయాల్లో ఆయిల్ పొగ వదిలే మోటారును దించడం తగదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం అంచున ఉన్న నీళ్లలోకి వెళ్లాలంటే అటవీశాఖ వారిని ముందుగా అడగాలి.

తెల్లవారుజామున వేసిన వలల తేలికలు నీటి మీద ఎక్కడెక్కడ ఉన్నాయో రేవులో ఉన్నవారిని అడిగి తెలుసుకోండి. ప్రొపెల్లర్‌కు వల చుట్టుకుంటే అవతలివారికి నష్టం, మీ కొత్త మోటారుకు ఒక్కసారిగా పట్టేసే దెబ్బ. పడవలో ఇద్దరు చాలు. లైఫ్ జాకెట్లు, తెడ్లు, ఒక జత కొత్త ప్లగ్గులు, ప్లగ్గు పానా ఉండాలి. లాగితే ఇంజన్ ఆగిపోయే కిల్ స్విచ్ తాడు చేతికి కట్టుకోవాలి.

మొదటి గంట

రేవు నుంచి నెమ్మదిగా బయటపడి, మోటారు వేడెక్కాక, సగం యాక్సిలేటర్ వరకు ఇవ్వండి. నిమిషానికి సుమారు 3000 చుట్లు దాటకూడదు. ప్లగ్గు తీగకు చుట్టే చిన్న టాకోమీటరు దొరుకుతుంది. పెట్టించుకుంటే ఊహతో పని ఉండదు. ఒకే వేగంలో ఉంచవద్దు. రెండు మూడు నిమిషాలు సగం దాకా లాగించి, ఒక నిమిషం తగ్గించి, మళ్లీ పెంచండి. ‘మెల్లగా పోనియ్యి’ అనే సలహా ఇక్కడే చెడు చేస్తుంది. గంటల తరబడి ఐడిల్‌కు దగ్గరగా నడిపితే రింగుల వెనుక ఒత్తిడి చాలదు. కాలని ఆయిల్ సిలిండరు గోడ గీతలను నింపి గాజులా మెరిసే పొరగా మారుతుంది. ఆ తరువాత ఎన్ని గంటలు నడిపినా రింగులు కూర్చోవు, మళ్లీ హోనింగ్ చేయాల్సిందే. అలాగని పడవ నిండా మనుషులనో, చేపల పెట్టెలనో ఎక్కించి మోటారును మూలిగించడం అంతకన్నా చెడ్డది, ఎందుకంటే తక్కువ చుట్లలో ఎక్కువ బరువు పడితే పిస్టన్ వేడెక్కుతుంది గాని చల్లబరిచే తాజా మిశ్రమం చాలినంత రాదు.

గంట పూర్తయ్యాక ఒడ్డుకు వచ్చి మోటారును పూర్తిగా చల్లారనివ్వండి. చేతితో ముట్టుకుంటే ఏ వేడీ తెలియకూడదు. ఈ విరామాన్ని నడపడంలో భాగంగానే లెక్కించాలి. వ్యాకోచించిన లోహం తిరిగి సర్దుకొనేది అప్పుడే.

రెండో గంట

ఇప్పుడు పూర్తి యాక్సిలేటర్ ఇచ్చి పడవను నీటి మీదికి లేపండి. ముక్కు దిగి, పడవ తేలికగా జారుతున్నట్లు అనిపించగానే ముప్పావుకు, అంటే సుమారు 4000 చుట్లకు తగ్గించండి. అప్పుడప్పుడు ఒక్క నిమిషం పాటు పూర్తిగా లాగించి, తరువాత పది నిమిషాల పాటు ముప్పావు లేదా అంతకన్నా తక్కువలో నడపాలి. వేగం తగ్గించేటప్పుడు యాక్సిలేటర్‌ను ఒక్కసారిగా మూసేయవద్దు. రెండు స్ట్రోకుల మోటారుకు ఆయిల్ పెట్రోలుతోనే వస్తుంది. చుట్లు ఇంకా ఎక్కువగా ఉన్నప్పుడు పెట్రోలు దారి మూస్తే ఆ కొద్ది క్షణాలు పిస్టన్ పొడిగా తిరుగుతుంది. బరువైన చెక్క నావ నీటి మీదికి లేవనే లేవదు; అలాంటప్పుడు పూర్తి వేగాన్ని అర నిమిషానికే పరిమితం చేసి, ముప్పావుకు దిగండి.

మూడో గంట నుంచి పదో గంట వరకు నియమం ఒక్కటే: పూర్తి వేగంలో ఒకసారికి ఐదు నిమిషాలు దాటవద్దు, మధ్యలో తక్కువ వేగంలో వేడి దిగనివ్వండి. ఈ గంటల్లో వల వేయడానికి, తీయడానికి వెళ్లే రోజువారీ పని చేసుకోవచ్చు. గంటలను నోటు పుస్తకంలో రాసుకోండి.

మధ్యలో ఒకటి రెండు సార్లు ప్లగ్గులు విప్పి చూడండి. 25:1 ఆయిల్ వల్ల కొంత తడిగా, ముదురు గోధుమ రంగులో ఉంటే భయం లేదు. ఒక ప్లగ్గు మిగతావాటి కన్నా తెల్లగా, పొడిగా కనిపిస్తే ఆ సిలిండరు పెట్రోలు చాలక ఎండుతోందని అర్థం. ఆ రోజుకు అక్కడితో ఆపి కార్బొరేటర్ చూడండి.

తేడా వచ్చినప్పుడు

పిస్టన్ పట్టేయబోయే ముందు మోటారు గొంతు మారుతుంది. యాక్సిలేటర్ కదల్చకుండానే చుట్లు పడిపోతాయి, లోపల రాళ్లు ఊపినట్లు సన్నని చప్పుడు రావచ్చు. అలాంటప్పుడు వెంటనే న్యూట్రల్‌కు తెచ్చి, ఛోక్ లాగితే అదనపు పెట్రోలు, ఆయిల్ లోపలికి పోతాయి. ఆ వెనుకే ఆపేయండి. నీటి ధార ఆగిపోతే మాత్రం ఛోక్ గురించి ఆలోచించకుండా ఇంజన్ ఆపి, కాలు పైకెత్తి, నీటి ద్వారానికి గడ్డి, ప్లాస్టిక్ సంచి అడ్డుపడిందేమో చూడండి. వేడెక్కిన హెడ్ మీద చల్లటి నీళ్లు గుమ్మరించవద్దు, పగులుతుంది.

నాలుగు స్ట్రోకుల మోటారు అయితే

పెట్రోలులో ఆయిల్ కలపరు. మొదటి గంట 2000 చుట్ల వరకు లేదా సుమారు సగం యాక్సిలేటర్ వరకు, రెండో గంట 3000 లేదా ముప్పావు వరకు, మిగిలిన ఎనిమిది గంటలు పూర్తి వేగం ఐదు నిమిషాలకు మించకుండా నడపాలి. రింగులు కూర్చొనే వరకు ఖరీదైన పూర్తి సింథటిక్ ఆయిల్ కన్నా మాన్యువల్ చెప్పిన చిక్కదనంలో మామూలు మినరల్ ఆయిల్ వాడటమే మేలు. 20 గంటల లోపు ఆయిల్, ఫిల్టరు మార్చాలి.

పదో గంట తరువాత

ట్యాంకులో మిగిలిన 25:1 మిశ్రమాన్ని వాడేసి, ఇక 50:1కు, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లకు రండి. పాత ప్లగ్గులు తీసి కొత్తవి వేయండి, పెట్రోలు ఫిల్టరు శుభ్రం చేయండి. మోటారు వెచ్చగా ఉన్నప్పుడు, యాక్సిలేటర్ పూర్తిగా తెరిచి ప్రతి సిలిండరు కంప్రెషన్ (పిస్టన్ పైకి నొక్కినప్పుడు లోపల పుట్టే ఒత్తిడి) కొలవండి. కట్టిన రోజు అంకె రాసుకొని ఉంటే ఇప్పుడు కొంత పెరిగి కనిపించాలి. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటకూడదు. రోజూ మోసే బరువుతో పూర్తి వేగం ఇచ్చినప్పుడు టాకోమీటరు మాన్యువల్ చెప్పిన పూర్తి వేగపు చుట్ల హద్దుల మధ్యకు చేరకపోతే ప్రొపెల్లర్ పిచ్ (ఒక చుట్టుకు అది ముందుకు సాగాల్సిన దూరం) ఎక్కువైందని తెలుసుకోవాలి. ఒక అంగుళం పిచ్ తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 చుట్లు పెరుగుతాయి.

చివరిగా గేర్ ఆయిల్. కాలును నిటారుగా నిలిపి, ముందు కింది స్క్రూ, తరువాత పై స్క్రూ విప్పి పాతదాన్ని తెల్లని గిన్నెలోకి దించండి. సన్నని మెరుపు పొడి కొద్దిగా కనిపించడం మామూలే. గోటికి తగిలే లోహపు ముక్కలు ఉంటే గేర్‌బాక్స్ విప్పించాలి, పాలు కలిసినట్లు తెల్లబడి ఉంటే సీలు గుండా నీళ్లు చేరుతున్నాయి. కొత్త ఆయిల్‌ను పై నుంచి పోయకూడదు, లోపల గాలి ఇరుక్కుంటుంది. ట్యూబు మూతిని కింది రంధ్రానికి పెట్టి, పై రంధ్రం నుంచి బుడగలు లేకుండా ఆయిల్ పొర్లేదాకా పిండి, ముందు పై స్క్రూను కొత్త వాషరుతో బిగించి, ఆ తరువాతే ట్యూబు తీసి కింది స్క్రూ బిగించండి.